చంద్రగిరి సీమ మ్యాపులో సరిహద్దులు కలవట్లేదా?

చిత్తూరు, తిరుపతి ప్రాంతాన్ని చారిత్రక గేము కోసం ముక్కలుగా (సీమలుగా) గీసినప్పుడు గీతలు కలవకపోతే చాలామంది నేరుగా రంగులు దిద్దడం మొదలుపెడతారు. ముందు మ్యాపు తన చోట కూర్చుందా చూడాలి. ఆ తర్వాత గీతలు, చివర్న రంగులు.

సమస్య: సరిహద్దులన్నీ తూర్పుకో పడమరకో ఒకే కొలతలో జరిగాయి

తప్పు రేఖాంశానిది. పాత సర్వే షీట్లలో రేఖాంశాలకు మద్రాసు అబ్జర్వేటరీ ఆధారం; ఆ విలువను తర్వాత సవరించారు. షీటు అంచున సవరణ రాసుంటే లెక్కలో కలపండి. తిరుపతి దగ్గర ఒక్క నిమిషం తేడా అంటే నేలమీద 1.8 కిలోమీటర్లు.

సమస్య: మధ్యలో బాగుంది, అంచుల్లో వంకరపోయింది

గుర్తింపు బిందువులన్నీ (మ్యాపులోని చోటును నేలమీది అసలు చోటుకు కట్టే చుక్కలు) తిరుపతి చుట్టూనే పెట్టుంటారు. చంద్రగిరి కోట, శ్రీకాళహస్తి గుడి, గుర్రంకొండ, వేలూరు కోట, ఇలా నాలుగు దిక్కులా పది పన్నెండు పెట్టండి. చెరువు నీటి అంచు, స్వర్ణముఖి ఇసుక ఒడ్డు పనికిరావు, అవి ఏటా మారతాయి. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో, మ్యాపును సాగదీసి కూర్చోబెట్టే మొదటి స్థాయి పాలినామియల్ పద్ధతికి కనీసం 3, రెండో దానికి 6, మూడో దానికి 10 బిందువులు కావాలి. సరిగ్గా కనీసమే పెడితే ఎర్రర్ సున్నా చూపిస్తుంది, నమ్మకండి. థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే మరో పద్ధతి కూడా అంతే, ఎన్ని బిందువులిచ్చినా అన్నిటి మీదుగా పోతుంది. రెండు బిందువులు పక్కన పెట్టుకుని వాటితోనే సరిచూడండి. ప్రాజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) యూటీఎం 44 ఉత్తరం, సాఫ్ట్‌వేర్‌లో దాని కోడు ఈపీఎస్‌జీ 32644.

సమస్య: రెండు సీమల మధ్య సన్నటి ఖాళీలు, లేదా ఒకదానిమీదికి ఒకటి

ఎక్కువమంది ఇక్కడే పడతారు. రెండు పొలాల మధ్య గట్టు ఒకటే. దాన్ని రెండుసార్లు గీస్తే రెండూ ఎప్పటికీ కలవవు. పాలిగాన్లు (మూసిన ఆకారాలు) గీయడం మానేసి ఉత్త గీతలే గీయండి. గీత కొసను దగ్గరి గీతకు అతికించే స్నాపింగ్ ఆన్ చేసి, దూరం 12 పిక్సెళ్లు పెట్టండి. గీతలు కలిసే ముడి దగ్గర గీత కాస్త దాటినా ఫరవాలేదు, అందకపోతేనే చిక్కు: గీతల్ని పాలిగాన్లుగా మార్చే పాలిగనైజ్ ఆ ముక్కను పక్క ముక్కతో కలిపేస్తుంది. గీతలను ముడుల దగ్గర తెంచి, సింప్లిఫై చేసి (అక్కర్లేని వంపులు తగ్గించి), ఆ తర్వాతే పాలిగనైజ్ నడపండి. పాలిగాన్లయ్యాక విడివిడిగా సింప్లిఫై చేస్తే పోయిన ఖాళీలు మళ్లీ వస్తాయి.

సమస్య: గేములో సరిహద్దు వెంట చుక్కలు, పేరులేని సీమలు

ఒక్కో సీమకు ఒక్కో ఆర్‌జీబీ రంగు ఇచ్చే పద్ధతిలో ఇది మామూలే. అంచుల్ని నున్నగా చేసే యాంటీ ఏలియాసింగ్ రెండు రంగుల మధ్య కొత్త రంగులు పుట్టిస్తే, గేము ఒక్కోదాన్నీ ఒక్కో సీమ అనుకుంటుంది. దాన్ని ఆపేసి పెన్సిల్ టూల్ వాడండి. సైజు మార్చేటప్పుడు రంగులు కలపని నియరెస్ట్ నైబర్ పద్ధతి ఎంచుకోండి. సేవ్ చేయడం పీఎన్‌జీలో. జేపెగ్ జోలికి పోవద్దు. చివర్న రంగులు లెక్కపెట్టండి, సీమల లెక్క కంటే ఎక్కువుంటే చుక్కలు మిగిలినట్టే.

సమస్య: గీతలు కలిశాయి, కాలం కలవలేదు

నేటి జిల్లా ఫైలు వాడారు. తిరుపతి జిల్లా 2022 నాటిది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప నుంచి వచ్చాయి. 1565 తర్వాతి చంద్రగిరి రాజ్యానికి ఆ గీతలు వర్తించవు. తాలూకా కంటే చిన్న ముక్కలు గీసుకుంటే కాలం మారినప్పుడు ముక్క యజమానిని (ఏలే రాజ్యాన్ని) మారిస్తే చాలు. తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రానికి పోయింది కాబట్టి దాన్ని మొదట్నుంచీ విడిముక్కగానే ఉంచండి.