నైట్రస్ డ్రాగ్ ఇంజన్‌కు సిలిండర్ హెడ్ ఎంచుకోవడం: లెక్క ఎగ్జాస్ట్ వైపు నుంచి

సిలిండర్ హెడ్ (వాల్వ్‌లు, గాలి దారులైన పోర్ట్‌లు ఉండే ఇంజన్ పై భాగం) కొనేవాళ్ల చూపు ముందుగా ఇన్‌టేక్, అంటే గాలి లోపలికొచ్చే వైపు, ఫ్లో అంకె మీద పడుతుంది. నైట్రస్ (శక్తి పెంచడానికి ఇంజన్‌లోకి వదిలే నైట్రస్ ఆక్సైడ్) లేని ఇంజన్‌కు అది సబబే. 28 అంగుళాల నీటి పీడనం దగ్గర ఇన్‌టేక్ పోర్ట్ ఇచ్చే సీఎఫ్‌ఎంను (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి పోతుందన్న అంకెను) 2తో గుణిస్తే, బాగా కట్టిన వీ8 రేస్ ఇంజన్ ఎంత హార్స్‌పవర్ ఇవ్వగలదో సుమారుగా తెలుస్తుంది. నైట్రస్ పెట్టాక ఈ లెక్క సగం మాత్రమే పనికొస్తుంది. బరువు ప్రకారం గాలిలో ఆక్సిజన్ దాదాపు 23 శాతం, నైట్రస్ ఆక్సైడ్‌లో 36 శాతం. పైగా నైట్రస్ సీసాలోంచి ఒత్తిడితో ద్రవంగా వస్తుంది కాబట్టి పిస్టన్ దాన్ని పోర్ట్ గుండా లాక్కోవాల్సిన పని లేదు. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే. నైట్రస్ తెచ్చిన నైట్రోజన్, ఆక్సిజన్, దానికి తోడు పోసిన అదనపు ఇంధనం కాలాక ఎగ్జాస్ట్ వాల్వ్ గుండానే వెళ్లాలి. 500 హార్స్‌పవర్ ఇంజన్‌కు 250 షాట్ (నైట్రస్‌తో అదనంగా 250 హార్స్‌పవర్) వేస్తే ఎగ్జాస్ట్‌కు పని దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది, ఇన్‌టేక్‌కు పెద్దగా పెరగదు.

కాబట్టి ఫ్లో షీట్ (హెడ్‌ను బెంచ్ మీద కొలిచిన ఫ్లో అంకెల పట్టిక) చేతికొచ్చాక ఎగ్జాస్ట్ అంకెను ఇన్‌టేక్ అంకెతో భాగించండి. మామూలు రేస్ హెడ్‌లో 70 నుంచి 75 శాతం ఉంటుంది. నైట్రస్‌కు 75కు తగ్గకూడదు, 80 ఉంటే మేలు. ఇన్‌టేక్ 320, ఎగ్జాస్ట్ 215 ఇచ్చే హెడ్ (67 శాతం) కన్నా 305, 240 ఇచ్చేది (79 శాతం) పెద్ద షాట్‌కు మంచి బేరం. పూర్తి లిఫ్ట్ (వాల్వ్ లేచే గరిష్ఠ ఎత్తు) దగ్గరి అంకె ఒక్కటే చూసి నిర్ణయించవద్దు. ప్రతి చక్రంలో వాల్వ్ 0.300, 0.400, 0.500 అంగుళాలను రెండుసార్లు దాటుతుంది, శిఖరాన్ని ఒక్కసారే తాకుతుంది.

షీట్‌లో మరో రెండు సంగతులు అడిగి తెలుసుకోవాలి. ఎగ్జాస్ట్ పోర్ట్‌ను వెనక గొట్టం ముక్క పెట్టి కొలిచారా, పెట్టకుండానా? గొట్టం పెడితే అంకె బాగా పెరుగుతుంది. ఒక హెడ్‌ను గొట్టంతో, మరోదాన్ని గొట్టం లేకుండా కొలిచి పోలిస్తే ఆ పోలికకు అర్థం లేదు. రెండోది, ఏ బోర్ (సిలిండర్ వ్యాసం) మీద కొలిచారు? 4.155 అంగుళాల బోర్ మీద వచ్చిన ఫ్లో మీ 4.030 బోర్ మీద రాదు, ఎందుకంటే వాల్వ్ అంచు సిలిండర్ గోడకు దగ్గరై దారి మూసుకుపోతుంది.

ఇన్‌టేక్ పోర్ట్ ఎంత పెద్దదైతే అంత మంచిదన్న మాట నైట్రస్‌కు అసలు నప్పదు. మరీ పెద్ద పోర్ట్‌లో గాలి వేగం పడిపోతుంది, ఇంధనం గాలిలో తేలకుండా పోర్ట్ నేల మీద చేరుతుంది. ఇంధనాన్నీ నైట్రస్‌నూ కలిపి మానిఫోల్డ్‌లోకి కొట్టే వెట్ సిస్టమ్‌లో ఇది ఇంకా చేటు. ఒక సిలిండర్ పలచగా, పక్కది చిక్కగా నడుస్తుంది. అలా నిలిచిన ఇంధనం అంటుకుంటే బ్యాక్‌ఫైర్‌లో మానిఫోల్డ్ ఎగిరిపోతుంది. నైట్రస్ లేకుండా ఇంజన్ ఇవ్వాల్సిన శక్తికి సరిపడా పోర్ట్ తీసుకుని అక్కడితో ఆగండి.

చాంబర్ (మిశ్రమం కాలే గది) దగ్గర కాస్త ఓపిక పట్టాలి. గుండె ఆకారంలో, స్పార్క్ ప్లగ్ నడిమికి దగ్గరగా ఉన్న చిన్న చాంబర్‌లో మంట త్వరగా పాకుతుంది, ఇగ్నిషన్ టైమింగ్ తక్కువ చాలుతుంది, నాకింగ్‌కు (మిశ్రమం తనంతట తానే పేలడానికి) వ్యవధి తగ్గుతుంది. పిస్టన్‌కూ హెడ్‌కూ మధ్య క్వెంచ్ సందు 0.040 అంగుళాల చుట్టుపక్కల ఉండాలి. చాంబర్ సీసీని కంప్రెషన్‌తో కలిపి లెక్కించాలి. ఉదాహరణకు 4.125 బోర్, 4.000 స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ 876 సీసీ. పైకొచ్చిన పిస్టన్ బ్లాక్ పై ముఖంతో సమానంగా ఉండి, వాల్వ్ గుంటలు 5 సీసీ, గాస్కెట్ 9 సీసీ అయితే 64 సీసీ చాంబర్‌తో కంప్రెషన్ 12.2 వస్తుంది, 72తో 11.2. పెద్ద షాట్‌కు తగిన ఆక్టేన్ ఉన్న రేస్ ఇంధనం చేతిలో లేకపోతే రెండోదే తీసుకోండి. కంప్రెషన్ తగ్గించాలని క్వెంచ్ సందు పెంచడం మాత్రం తప్పు దారి. అలా చేస్తే కంప్రెషన్ తగ్గినా నాకింగ్ పెరుగుతుంది.

హెడ్ తయారీలో ముందు చూడాల్సింది డెక్ (గాస్కెట్ మీద ఆనే హెడ్ అడుగు ముఖం) మందం. సిలిండర్‌లో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగినప్పుడు పలచని డెక్ బోల్టుల మధ్య వంగి గాస్కెట్‌ను వదిలేస్తుంది. అల్యూమినియం హెడ్‌లో కనీసం 5/8 అంగుళం, భారీ షాట్‌లకు 3/4 అడగండి. హెడ్‌ను ముందే మిల్లింగ్ చేసి ఉంటే ఆ మేరకు తీసేయండి. సిలిండర్ చుట్టూ ఎన్ని బోల్టులన్నదీ అంతే ముఖ్యం. జనరల్ మోటార్స్ (జీఎం) వారి ఎల్ఎస్ వీ8 ఇంజన్‌లో పెద్ద బోల్టులు సిలిండర్‌కు నాలుగే. పెద్ద షాట్‌లకు ఆరు బోల్టుల బ్లాక్, హెడ్ వాడేది అందుకే. బోల్టులకు బదులు స్టడ్‌లు, నట్‌ల కింద గట్టి వాషర్‌లు, తయారీదారు చెప్పిన లూబ్రికెంట్‌తో టార్క్ తప్పనిసరి. లూబ్రికెంట్ మారితే అదే టార్క్‌కు బిగువు మారిపోతుంది. పలు పొరల స్టీల్ గాస్కెట్ వేస్తే హెడ్ ముఖం 50 ఆర్ఏ (ఉపరితల గరుకుదనపు కొలత) కన్నా నున్నగా ఉండాలి. రాగి గాస్కెట్‌కు ఓ-రింగ్ తీగ, దానికెదురుగా గాడి కావాలి, నీటి దారుల చుట్టూ సీలెంట్ కూడా రాయాలి. రన్ తర్వాత రేడియేటర్ ఓవర్‌ఫ్లోలోకి నీళ్లు తోసుకొస్తే హెడ్ లేస్తోందని అర్థం. ముందు టైమింగ్, మిశ్రమం సరిచూసి, ఆ తర్వాతే గాస్కెట్ మార్చండి.

వాల్వ్‌ల దగ్గర డబ్బు ఎగ్జాస్ట్ మీద పెట్టాలి. ఇన్‌టేక్‌కు మంచి స్టెయిన్‌లెస్ చాలు. ఎగ్జాస్ట్‌కు ఇంకొనెల్ (వేడిని తట్టుకునే నికెల్ మిశ్రమలోహం) తీసుకోండి. బరువు తగ్గుతుందని టైటానియం ఎగ్జాస్ట్ వాల్వ్ పెడితే ఆ వేడికి అది ఎక్కువ కాలం నిలవదు. వాల్వ్ వేడి ఎక్కువగా సీట్ (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే అంచు) గుండా, కొంత గైడ్ (వాల్వ్ కాడ, అంటే స్టెమ్, కదిలే గొట్టం) గుండా హెడ్‌లోకి దిగుతుంది. కాబట్టి ఎగ్జాస్ట్ సీట్ వెడల్పు 80 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), వాల్వ్ అంచు మందం 100 థౌ ఉంచమని మెషినిస్టుకు చెప్పండి. ఫ్లో కోసం సీట్‌ను 40కి దించితే బెంచ్ మీద అంకె పెరుగుతుంది, ట్రాక్ మీద వాల్వ్ అంచు కాలుతుంది. ఎగ్జాస్ట్ గైడ్ సందు ఇన్‌టేక్ కన్నా కాస్త ఎక్కువగా, 2 థౌ చుట్టుపక్కల ఉండాలి. బిగుతుగా ఉంటే వేడికి స్టెమ్ పట్టేస్తుంది.

చాలామంది మరిచేది ఒకటుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ ఇంకా ఒత్తిడి మిగిలిన సిలిండర్‌కు ఎదురుగా తెరుచుకోవాలి. 1.60 అంగుళాల వాల్వ్ ముఖం వైశాల్యం 2 చదరపు అంగుళాలు. తెరుచుకునే క్షణంలో అదనంగా 100 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉంటే 200 పౌండ్ల భారం ఎక్కువవుతుంది, 1.5 రాకర్ (కదలికను వాల్వ్ దగ్గర 1.5 రెట్లు చేసే మీట) వల్ల పుష్‌రాడ్ (క్యామ్ నుంచి రాకర్‌ను నెట్టే కడ్డీ) మీద అది 300 అవుతుంది. వాల్వ్ పెద్దదైతే ఈ భారమూ పెరుగుతుంది. ఎగ్జాస్ట్ పుష్‌రాడ్‌లే వంగుతుంటే, క్యామ్ మీది ఎగ్జాస్ట్ లోబ్‌లే (వాల్వ్‌ను తెరిచే ఉబ్బులు) అరుగుతుంటే స్ప్రింగ్‌ను నిందించకండి. మందం గోడ పుష్‌రాడ్, దృఢమైన రాకర్, స్టడ్ గిర్డిల్ (రాకర్ స్టడ్‌లను కలిపి పట్టే పట్టీ) లేదా షాఫ్ట్ రాకర్ కావాలి. ఇన్‌టేక్ కన్నా ఎగ్జాస్ట్ డ్యూరేషన్ (వాల్వ్ తెరిచి ఉండే వ్యవధి) ఎక్కువగా, లోబ్ సెపరేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబ్‌ల శిఖరాల మధ్య కోణం) 112 నుంచి 116 డిగ్రీల మధ్య ఉన్న క్యామ్ కూడా ఈ హెడ్‌కు తోడుండాలి.

హెడ్‌లు చేతికొచ్చాక కొత్తవే కదా అని నేరుగా బిగించవద్దు. వాల్వ్‌లు విప్పి, సీట్‌లు ఆనుతున్నాయో చూడండి. బ్యూరెట్‌తో, పారదర్శకమైన పలకతో ప్రతి చాంబర్ సీసీ కొలిచి, తేడా 1 సీసీ దాటితే సరిచేయించండి. చాంబర్‌లో వాల్వ్ గుంటల అంచులు, ప్లగ్ దారం చివర పదునుగా ఉంటే సన్నని సాండ్‌పేపర్‌తో మొద్దుచేయండి. అవి ఎర్రబడి స్పార్క్ రాకముందే మిశ్రమాన్ని అంటిస్తాయి. పిస్టన్‌కు మెత్తని మోడలింగ్ మట్టి అద్ది, ఎగ్జాస్ట్ వాల్వ్‌తో కనీసం 100 థౌ సందు ఉందో కొలవండి. ప్లగ్‌లు చల్లని రకం, చాంబర్‌లోకి ముందుకు పొడుచుకురానివి, గ్యాప్ 28 నుంచి 35 థౌ మధ్య వాడండి. టైమింగ్‌ను షాట్‌లోని ప్రతి 50 హార్స్‌పవర్‌కు సుమారు 2 డిగ్రీలు వెనక్కి తీసి, చిన్న జెట్‌తో (నైట్రస్ ఎంత వెళ్లాలో నిర్ణయించే రంధ్రంతో) మొదలుపెట్టండి. రన్ చివర ఇంజన్ ఆపి ప్లగ్‌లు తీసి చూడండి. పింగాణీ మీద మిరియపు పొడిలా నల్లని, వెండి రంగు చుక్కలు ఉంటే నాకింగ్ మొదలైందని అర్థం. కారణం దొరికేదాకా జెట్ పెంచవద్దు.