పలు గొంతులలో డ్యూన్: ఫుల్‌కాస్ట్ ఆడియోబుక్‌ను వినే పద్ధతి

ఫ్రాంక్ హెర్బర్ట్ రాసిన డ్యూన్ నవల 1965లో పుస్తకంగా వెలువడింది. 2007లో మాక్మిలన్ ఆడియో సంస్థ దానిని పలువురితో చదివించి ఆడియోబుక్‌గా తెచ్చింది. నవలను కుదించకుండా చదివిన ఆ ప్రతి సుమారు 21 గంటలు నడుస్తుంది. ఒక సైన్స్ ఫిక్షన్ నవలల వరుసను పలు గొంతులలో వినాలనుకునేవారికి తరచుగా మొదట ఎదురయ్యేది ఇదే. ఏ సన్నద్ధతా లేకుండా మొదలుపెడితే రెండో గంటలోనే విసుగు పుట్టించగలిగేదీ ఇదే. నవల కష్టమైనది కావడం దానికి కొంతవరకే కారణం. వినేవారు ఒక రూపాన్ని ఆశించి కూర్చుంటే చెవిన పడేది మరొక రూపం కావడం అసలు కారణం.

ఆకాశవాణిలో నాటకాలు, సంక్షిప్త శబ్దచిత్రాలు వింటూ పెరిగినవారికి పలు గొంతులు అనగానే పాత్రకొక గొంతు, కథంతా సంభాషణలలోనే నడవడం, తలుపు చప్పుడు, వాన చప్పుడు గుర్తుకు వస్తాయి. ఇంగ్లిష్‌లో ఫుల్‌కాస్ట్ అన్న ముద్రతో అమ్ముడయ్యేవన్నీ అటువంటివి కావు. ఒకే దాసుగారు అన్ని పాత్రలనూ తన గొంతులోనే పలికించే హరికథకూ, పాత్రకొక నటుడు రంగం మీదకు వచ్చే నాటకానికీ ఎంత దూరం ఉందో, మామూలు ఆడియోబుక్‌కూ శ్రవ్యనాటకానికీ అంత దూరం ఉంది. డ్యూన్ ఆడియోబుక్ ఈ రెండింటి నడుమ ఎక్కడో నిలిచి, ఒక అధ్యాయంలో అటూ మరొక అధ్యాయంలో ఇటూ మొగ్గుతుంది. ప్రధానంగా చదివేది సైమన్ వాన్స్. కొన్ని అధ్యాయాలలో స్కాట్ బ్రిక్, ఓర్లా కాసిడీ, యువాన్ మోర్టన్, ఇలియానా కడుషిన్ వంటివారు చేరి పాత్రల సంభాషణలను పంచుకుంటారు. మరికొన్ని అధ్యాయాలలో కథనమూ, ఆడా మగా పాత్రలన్నింటి మాటలూ వాన్స్ ఒక్కడే చదువుతాడు. దీనివల్ల నిన్న బొంగురుగా, బరువుగా వినిపించిన కథలోని ప్రతినాయకుడు బారన్ హార్కోనెన్ ఈరోజు వేరే మనిషిలా మాట్లాడతాడు. ఇది నిర్మాణంలోని లోపమే, సమర్థించవలసిన పని లేదు. అయితే గొంతును బట్టి కాకుండా మాటను బట్టి పాత్రను గుర్తించడం అలవాటు చేసుకున్న శ్రోతను ఈ లోపం పెద్దగా బాధించదు. ఇక్కడ చెప్పబోయే పద్ధతి అంతా ఆ అలవాటు గురించే.

కొనే ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. వివరాల పేజీలో చదివినవారి పేర్లు ఎన్ని ఉన్నాయో, అన్‌అబ్రిడ్జ్‌డ్, అంటే కుదించనిది, అని ఉందో లేదో, డ్రమటైజ్డ్ అడాప్టేషన్ అని ఉందో గమనించాలి. చివరి ముద్ర ఉంటే అది నవలను నాటకంగా మలిచిన ప్రతి అని అర్థం. అందులో వర్ణన తగ్గి, సంగీతమూ ధ్వనులూ పెరుగుతాయి. ఒకే నవలకు రెండు రకాల ప్రతులూ దొరకవచ్చు. పియర్స్ బ్రౌన్ రాసిన రెడ్ రైజింగ్‌ను టిమ్ జెరార్డ్ రేనాల్డ్స్ ఒక్కడే చదివిన ప్రతి ఒకటి ఉండగా, గ్రాఫిక్ ఆడియో సంస్థ చేసిన నాటకీకరణ వేరుగా ఉంది. ఆ సంస్థ ఒక్కొక్క నవలను తరచు రెండు మూడు భాగాలుగా విడదీసి అమ్ముతుంది కాబట్టి ధర చూసేటప్పుడు అన్ని భాగాలనూ కలిపి లెక్కించాలి. అమెరికాలోని తెలుగువారికి ఇంతకంటే చవకైన దారి ఉంది: అక్కడి ప్రజా గ్రంథాలయాలలో చాలావాటి కార్డుతో లిబ్బీ యాప్ ద్వారా ఆడియోబుక్‌లను ఉచితంగా అరువు తెచ్చుకోవచ్చు. గడువు ముగియగానే పుస్తకం దానంతట అదే వెనక్కి వెళ్లిపోతుంది కాబట్టి 21 గంటల పుస్తకాన్ని ముందే వారాలవారీగా పంచుకోవడం మేలు. ఎక్కడ తీసుకున్నా నమూనా వినడం మరవకూడదు. అయితే నమూనాలో వినిపించే మొదటి నిమిషాలు పుస్తకం పొడవునా గొంతులు ఎలా మారతాయో చెప్పవు.

ఇంగ్లిష్ ఆడియోబుక్‌లు వినడం కొత్త అయినవారు నేరుగా డ్యూన్‌తో మొదలుపెట్టకపోవడం మంచిది. చెవికి అలవాటు కావడానికి సిల్వేన్ న్యూవెల్ రాసిన థెమిస్ ఫైల్స్ మూడు నవలలు ఎంతో అనువైనవి. వాటిలో మొదటిది, 2016 నాటి స్లీపింగ్ జెయింట్స్, చాలావరకు పేరు తెలియని ఒక వ్యక్తి చేసే ఇంటర్వ్యూల రికార్డులుగానూ, డైరీలుగానూ, నివేదికలుగానూ సాగుతుంది. రచనే రికార్డింగ్ రూపంలో ఉండడం వల్ల అడిగేవాడొక గొంతు, జవాబు చెప్పేవారొక గొంతుగా వినడం సహజంగా ఉంటుంది. అన్నాడు, అంది వంటి మాటల అవసరమే రాదు. తొమ్మిది గంటలలోపే ముగుస్తుంది కూడా. దీనికి పూర్తిగా భిన్నమైనది డగ్లస్ ఆడమ్స్ హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ. అది 1978 మార్చి 8న బీబీసీ రేడియో 4లో నాటకంగానే పుట్టింది, నవల ఆ మరుసటి ఏడు వచ్చింది. ఆ నాటకాన్ని స్టీరియోలో తయారు చేశారు కాబట్టి ఒక్క చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటే కొన్ని మాటలూ ధ్వనులూ బలహీనంగా వినిపించవచ్చు. ఒక్క చెవితో వినక తప్పనివారు ఫోన్ సెట్టింగులలోని యాక్సెసిబిలిటీ విభాగంలో మోనో ఆడియోను ఆన్ చేసుకోవాలి.

ఇక డ్యూన్ విషయానికి వస్తే, ప్లే నొక్కడానికి ముందు ఒక అరగంట కాగితం మీద పెట్టడం అవసరం. అచ్చు పుస్తకం చివర సామ్రాజ్య పదకోశం ఒకటి ఉంది, అనుబంధాలు ఉన్నాయి. అచ్చులో చదివేవారు అడ్డుపడ్డప్పుడల్లా అక్కడికి తిప్పి చూసుకుంటారు. వినేవారికి ఆ వెసులుబాటు లేదు. అందుచేత దగ్గర అచ్చు ప్రతి గాని ఈ-బుక్ గాని ఉంచుకోవాలి, లేదా పేర్లనైనా విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాసుకోవాలి. మొత్తం పదకోశాన్ని బట్టీ పట్టనక్కరలేదు. డ్యూక్ లీటో, ఆయన సహచరి జెస్సికా, కొడుకు పాల్ ఒక వైపు. వారి కొలువులో వైద్యుడు యువే, మెంటాట్ (యంత్రంలా లెక్కలు కట్టగల సలహాదారు) హవాట్, గర్నీ హాలెక్, డంకన్ ఐడహో. ఎదుటి పక్షంలో బారన్, అతని మెంటాట్ పైటర్, తమ్ముడి కొడుకు ఫెయిడ్ రౌథా. అరాకిస్ గ్రహంలో కైన్స్, స్టిల్గర్, చానీ. ఇంతమంది తెలిస్తే మొదటి భాగానికి చాలు. ఇదే పాల్‌కు తర్వాత ఉసుల్ అనీ, ముయాద్‌దిబ్ అనీ పేర్లు వస్తాయి. చెవికి అవి ముగ్గురు మనుషుల పేర్లలా తోస్తాయి కాబట్టి ఆ మూడింటినీ ఒకే గీత మీద రాసుకోవాలి. చక్రవర్తిని పాదిషా అని పిలిచినప్పుడు మాత్రం పాదుషా అనే మాట ఎరిగిన తెలుగు శ్రోతకు వివరణ అక్కరలేదు.

మొదటి రెండు అధ్యాయాలను ఒకే విడతలో, మరే పనీ పెట్టుకోకుండా వినాలి. మొదటిదానిలో బెనె జెసెరిట్ అనే స్త్రీల సంఘానికి చెందిన పెద్దావిడ పాల్ చేతిని ఒక పెట్టెలో పెట్టించి, మెడ దగ్గర విషపు సూది పట్టుకుని పరీక్షిస్తుంది. రెండోదానిలో బారన్ తన పన్నాగాన్ని వివరిస్తూ డ్యూక్ ఇంటిలోని ద్రోహి ఎవరో పేరు పెట్టి చెప్పేస్తాడు. రహస్యాన్ని ఇంత తొందరగా విప్పడం ఈ నవలను చెవితో వినేవారికి పెద్ద ఉపకారం. ఆనవాళ్లు ఏరుకోవలసిన బాధ ఉండదు. ఎవరికి ఏ సంగతి తెలుసు, ఎవరికి తెలియదు అన్నది పట్టుకుంటే చాలు. ఇంటిలో ఒకరినొకరు అనుమానించుకునే ప్రతి సంభాషణలోనూ వినేవారు వాళ్లకంటే ఒక అడుగు ముందుంటారు.

అసలైన చిక్కు మనసులోని మాటలతో వస్తుంది. హెర్బర్ట్ ఒకే సన్నివేశంలో ఒకరి తలలోనుంచి మరొకరి తలలోకి దూకుతూ రాస్తాడు. అచ్చులో ఆ ఆలోచనలు వాలు అక్షరాలలో ఉంటాయి కనుక పైకి అన్న మాటకూ లోపల అనుకున్న మాటకూ తేడా కంటికి తెలుస్తుంది. వినేటప్పుడు ఆ భారమంతా చదివేవారి స్వరం మీద పడుతుంది. పైకి అనే మాట బయటకు చాచినట్టు, అనుకునే మాట కొంచెం దగ్గరగా, తగ్గిన గొంతులో వస్తుంది. ఈ తేడాను మొదటి అధ్యాయంలోనే చెవికి నేర్పుకోవాలి. నేర్పుకున్నామో లేదో తేల్చేది మొదటి భాగంలోని విందు సన్నివేశం. ఒకే బల్ల చుట్టూ డ్యూక్, జెస్సికా, పాల్, కైన్స్, నీళ్ల వ్యాపారి, బ్యాంకు ప్రతినిధి, మరికొందరు కూర్చుని మర్యాదగా కత్తులు దూసుకుంటూ ఉంటారు. పైకి వినిపించే సంభాషణ సగమే. బ్యాంకు ప్రతినిధి మాటతీరును బట్టి అతడు శత్రువు మనిషి అని జెస్సికా గ్రహించడం అక్కడే జరుగుతుంది. నవల మొత్తంలో పలు గొంతులతో వినడం అత్యంత ఫలవంతమైనది ఇటువంటి చోటే. వంట చేస్తూనో, మెట్రో రైలులో నిలబడో ఈ అధ్యాయాన్ని వినకూడదు. అచ్చు ప్రతి ఉంటే ముందు చదివి, తర్వాత వినడం ఇంకా మంచిది. కథ తెలిసిపోతుందన్న భయం ఈ అధ్యాయానికి వర్తించదు.

ఈ నవలను చెవితో వినడానికి మరొక న్యాయమైన కారణం ఉంది. ఇందులోని మనుషులే చెవితో బతికేవాళ్లు. బెనె జెసెరిట్ స్త్రీలు ఎదుటివారి స్వభావాన్ని పసిగట్టి, తగిన స్వరంలో ఒక్క మాట అంటే ఎదుటివారు ఆలోచించకుండానే లోబడతారు. మొదటి అధ్యాయంలో పెద్దావిడ ఇటు రమ్మన్నప్పుడు పాల్ తనకు తెలియకుండానే అడుగు వేస్తాడు, ఆ తర్వాతే ఆ స్వరం తన మీద ప్రయోగించిందని అనుకుంటాడు. జెస్సికాను బంధించినప్పుడు నోటికి గుడ్డ కట్టడం, చెవిటి కాపలావాడిని పెట్టడం కూడా ఆ శక్తికి జడిసే. అచ్చులో మనం నమ్మి ముందుకు సాగే ఈ సంగతి, వినేటప్పుడు పరీక్షకు నిలబడుతుంది: చదివేవారు ఆ ఆజ్ఞను ఎలా పలికారు, మనకు కూడా వెన్ను నిటారుగా అయిందా లేదా అన్నది చూడవచ్చు. ఎడారిలో ఇసుక కింద తిరిగే భారీ పురుగులు అడుగుల లయకు ఆకర్షితమై వస్తాయి కనుక లయ లేకుండా నడవాలన్న నియమం దగ్గర కూడా ఇదే సుఖం దొరుకుతుంది.

వేగం గురించి కచ్చితంగా చెప్పవలసింది ఒకటే. ఒక్కరే చదివిన పుస్తకాన్ని ఒకటిన్నర రెట్లు పెంచి వినే అలవాటు ఉన్నవారు కూడా ఇక్కడ మొదటి భాగం పూర్తయ్యేదాకా మామూలు వేగాన్నే ఉంచుకోవాలి. వేగం పెంచితే విరామాలు కుంచించుకుపోతాయి, ఒకరి మాటకు మరొకరి మాట అతుక్కుపోతుంది. మనసులోని మాటకూ పైమాటకూ మధ్య ఉండే చిన్న నిశ్శబ్దమే ముందుగా పోతుంది. రెండో భాగం నుంచి 1.1 లేదా 1.2 దాకా పెంచినా నష్టం లేదు. గొంతులన్నీ ఒకే స్థాయిలో ఉండవు కనుక వాహనాల రొద మధ్య వినేవారు తరచు వాల్యూమ్ పెంచుతూ, తర్వాత గట్టిగా మాట్లాడే పాత్ర వచ్చినప్పుడు ఉలిక్కిపడుతూ ఉంటారు. బయటి చప్పుడును తగ్గించే ఇయర్‌ఫోన్లు ఇక్కడ అక్కరకు వస్తాయి. రోడ్డు మీద బండి నడుపుతూ మాత్రం వినకూడదు.

డ్యూన్ అధ్యాయాలకు అంకెలు లేవు, పేర్లూ లేవు. యాప్‌లో కనిపించే అధ్యాయం అంకెకూ అచ్చు పుస్తకానికీ సంబంధం కుదరదు. ప్రతి అధ్యాయమూ ఒక ఉల్లేఖనతో మొదలవుతుంది. వాటిలో చాలావరకు చక్రవర్తి కూతురు ఇరులాన్ రాకుమారి గ్రంథాలలోనివిగా చెప్పినవే. అవే మైలురాళ్లు. వినడం ఆపినప్పుడు మధ్యలో కాకుండా తర్వాతి ఉల్లేఖన వినిపించేదాకా ఆగి, అక్కడ బుక్‌మార్క్ పెట్టుకోవాలి. మరుసటి రోజు ఆ ఉల్లేఖనతోనే మొదలుపెడితే గొంతు మారినా దారి తప్పము. రాత్రి పడుకునే ముందు వినేవారు స్లీప్ టైమర్‌ను నిమిషాలకు కాకుండా అధ్యాయం ముగిసేదాకా అని పెట్టుకోవచ్చు. నవల మూడు భాగాలుగా ఉందని, రెండో భాగానికీ మూడోదానికీ మధ్య రెండేళ్లు గడుస్తాయనీ గుర్తుంచుకోవాలి. చెవికి అది తెలియకుండా జారిపోతుంది.

మొదటి నవల తర్వాత పలు గొంతుల ఏర్పాటు అంత నికరంగా ఉండదు. 1969 నాటి డ్యూన్ మెస్సయాను స్కాట్ బ్రిక్, కేథరీన్ కెల్‌గ్రెన్, యువాన్ మోర్టన్, సైమన్ వాన్స్ కలిసి చదివారు. అది మొదటిదానిలో సగం నిడివి కూడా ఉండదు, కుట్రదారుల మంతనాలతో నిండినది కనుక గొంతులు వేరుగా ఉండడం బాగా ఉపకరిస్తుంది. 1976 నాటి చిల్డ్రన్ ఆఫ్ డ్యూన్‌లో బ్రిక్, వాన్స్ ఇద్దరే మిగులుతారు. 1981 నాటి గాడ్ ఎంపరర్ ఆఫ్ డ్యూన్‌కు వచ్చేసరికి వాన్స్ ఒక్కడే. కథ 3,500 ఏళ్లు ముందుకు దూకి, ఒకే చక్రవర్తి సుదీర్ఘ ప్రసంగాల చుట్టూ తిరిగే ఆ నవలకు ఒక్క గొంతు లోటు కాదు, తగినదే. ఫుల్‌కాస్ట్ కోసమే ఈ వరుసను ఎంచుకున్నవారు మూడో నవలతో ఆగిపోవచ్చు, అక్కడ పాల్ కథ ఒక ఒడ్డుకు చేరుతుంది. ఆ తర్వాతివి వినదలచినవారు ఒక సంగతి తెలిసి మొదలుపెట్టాలి: ఆరవదైన చాప్టర్‌హౌస్ డ్యూన్ 1985లో వచ్చింది, మరుసటి ఏడే హెర్బర్ట్ మరణించాడు, ఆయన కలం నుంచి వచ్చిన కథ అక్కడ తెరిచే ఉండిపోయింది.