ఇంగ్లీషులో వర్తమాన కాలాలు, స్వామ్యం: తెలుగువారు ఎలా నేర్చుకోవాలి

ఇంగ్లీషులో వాక్యం కూర్చేటప్పుడు తెలుగువారు ఎక్కువగా తడబడేది రెండు చోట్ల: వర్తమాన కాలాన్ని ఎంచుకోవడంలో, ఒక వస్తువో మనిషో గుణమో ఒకరికి ఉన్నదని చెప్పడంలో. వ్యాకరణ పుస్తకాలు వీటిని వేర్వేరు పాఠాలుగా చెబుతాయి గాని, కలిపి నేర్చుకోవడమే మేలని నా అభిప్రాయం. స్వామ్యాన్ని తెలిపే ‘హ్యావ్’ అనే క్రియే వర్తమానంలో ఒక ముఖ్యమైన రూపానికి సహాయక క్రియగా కూడా పనిచేస్తుంది. పైగా ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అనే తప్పులో ఈ రెండు తడబాట్లూ ఒకేసారి బయటపడతాయి.

ముందుగా సింపుల్ ప్రెజెంట్ చూద్దాం. తెలుగులో ‘చదువుతాను’ అన్న ఒక్క రూపమే రోజూ చేసే పనికీ, రేపు చేయబోయే పనికీ సరిపోతుంది. ఇంగ్లీషు ఈ రెంటినీ విడదీస్తుంది: రోజూ చేసే పని అయితే ‘ఐ రీడ్’, రేపు చేసేది అయితే ‘ఐ విల్ రీడ్’. అందువల్ల తెలుగు వాక్యం ‘తాను’, ‘తాడు’, ‘తుంది’ అని ముగిసినప్పుడు దానికి ‘రోజూ’ అనే మాటను చేర్చి చూడండి. అర్థం చెడకుండా ఇమిడితే అక్కడ సింపుల్ ప్రెజెంటే వాడాలి. సూర్యుడు తూర్పున ఉదయించడం వంటి నిత్యసత్యాలకూ ఇదే రూపం. బండ్ల వేళల వంటి ముందే ఖరారైన పట్టికలు మాత్రం భవిష్యత్తుకు చెందినవైనా సింపుల్ ప్రెజెంట్‌లోనే వస్తాయి: ‘ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో.’

కర్త ప్రథమ పురుష ఏకవచనమైతే, అంటే ఇంగ్లీషు పుస్తకాలు థర్డ్ పర్సన్ సింగ్యులర్ అనేదైతే, క్రియకు ఎస్ అనే అక్షరం చేరుతుంది: ‘ఐ రీడ్’, ‘షి రీడ్స్’. ‘గో’, ‘వాచ్’ వంటి వాటికి ఇ, ఎస్ రెండూ చేరతాయి, ‘స్టడీ’లో చివరి వై పోయి ఐ, ఇ, ఎస్ వస్తాయి, ‘ప్లే’లో వైకి ముందు అచ్చు ఉన్నది కనుక ఎస్ ఒక్కటే చాలు. ‘హ్యావ్’ మాత్రం ‘హ్యాజ్’గా మారుతుంది. ప్రశ్నలోనూ వ్యతిరేకార్థంలోనూ ఆ ఎస్‌ను ‘డజ్’ తీసుకుంటుంది కాబట్టి అసలు క్రియ మూలరూపంలోనే నిలుస్తుంది. ‘డజ్ షి రీడ్?’ అనాలి, ‘డజ్ షి రీడ్స్?’ అనకూడదు. అదే విధంగా ‘డజ్ షి హ్యావ్ ఎ పెన్?’ అన్నదే సరైనది, అక్కడ ‘హ్యాజ్’కు చోటు లేదు.

ప్రెజెంట్ కంటిన్యువస్ దగ్గర మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే మన ‘తున్నాను’ అనే రూపం ఇంగ్లీషు ‘ఇంగ్’ రూపం కన్నా చాలా విశాలమైనది. ‘ఆయన బ్యాంకులో పనిచేస్తున్నారు’ అని మనం ఒకరి స్థిరమైన ఉద్యోగాన్ని గురించి కూడా సహజంగా అంటాము. దానిని ‘హి ఈజ్ వర్కింగ్ ఇన్ ఎ బ్యాంక్’ అంటే, అది తాత్కాలికమైన ఏర్పాటు అనే భావం ఇంగ్లీషు వినేవారికి కలుగుతుంది. స్థిరమైన ఉద్యోగానికి ‘హి వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్’ అనడమే పద్ధతి. కాబట్టి తెలుగు క్రియ చివరి రూపాన్ని కాక, ఆ పని స్వభావాన్ని చూడాలి: ఈ క్షణాన జరుగుతున్నదా, కొద్దికాలానికే పరిమితమా, లేక ఎప్పుడూ ఉండేదా? మొదటి రెంటికే ‘ఇంగ్’ రూపం తగినది.

కొన్ని క్రియలు పనిని కాక స్థితిని తెలుపుతాయి: ‘నో’, ‘అండర్‌స్టాండ్’, ‘బిలీవ్’, ‘వాంట్’, ‘లైక్’, ‘బిలాంగ్’, ‘ఓన్’. వీటికి సాధారణంగా ‘ఇంగ్’ చేర్చరు. స్వామ్యాన్ని తెలిపే ‘హ్యావ్’ కూడా ఈ వర్గంలోనిదే కనుక ‘ఐ హ్యావ్ టూ బ్రదర్స్’ అనాలి. అయితే ‘ఐ యామ్ హ్యావింగ్ లంచ్’ తప్పు కాదు, ఎందుకంటే అక్కడ ‘హ్యావ్’ అంటే భోజనం చేయడం. అది పని, స్థితి కాదు.

గతంలో మొదలై ఇప్పటికీ కొనసాగుతున్న దానికి ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాడాలి. ‘పదేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను’ అనేదానికి ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అనడం చాలా చోట్ల వినిపించే తప్పు. ‘ఐ హ్యావ్ లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ అనాలి. ‘హ్యావ్ బీన్ లివింగ్’ అన్నా సరిపోతుంది. ఎంత కాలమో చెబితే ‘ఫర్’, ఎప్పటినుంచో చెబితే ‘సిన్స్’ వస్తాయి: ‘సిన్స్ 2015’. ‘నిన్న’ వంటి ముగిసిపోయిన సమయాన్ని చెప్పే మాట వాక్యంలో ఉంటే ఈ రూపం పనికిరాదు, అక్కడ భూతకాలమే రావాలి.

ఇక స్వామ్యం. తెలుగులో ‘హ్యావ్’కు సమానమైన క్రియ లేదు, మనం ‘ఉండు’ అనే ధాతువుతోనే అంతా చెబుతాము. ‘నాకు ఒక అక్క ఉంది’, ‘నా దగ్గర కలం ఉంది’, ‘ఆమెకు ఓపిక ఉంది’, ‘ఈ గదికి రెండు కిటికీలు ఉన్నాయి’ అనే నాలుగు వాక్యాల్లో ఒకచోట ‘దగ్గర’, మిగతా చోట్ల ‘కు’ లేదా ‘కి’ వస్తుంది గాని, ఇంగ్లీషులో అన్నింటికీ ‘హ్యావ్’ ఒక్కటే చాలు. తెలుగులో ‘కు’, ‘కి’, ‘దగ్గర’ చేరిన మాట ఇంగ్లీషులో కర్త అవుతుందన్నదే ఇక్కడ పట్టుకోవలసిన సూత్రం: ‘నాకు’ అన్నది ‘ఐ’ అవుతుంది, ‘ఆమెకు’ అన్నది ‘షి’ అవుతుంది. ఈ సూత్రానికి ఆకలి, దాహం, చలి వంటివి లోబడవు. వాటికి ‘ఐ యామ్ హంగ్రీ’ అన్నట్లు ‘బి’ క్రియ (యామ్, ఈజ్, ఆర్), విశేషణం వాడతారు.

నామవాచకాల మధ్య సంబంధాన్ని మనుషులకూ జంతువులకూ అపాస్ట్రఫీతో (అక్షరం పక్కన పైభాగాన పెట్టే ’ గుర్తుతో), వస్తువులకు ఎక్కువగా ‘ఆఫ్’తో చెబుతారు: ‘మై ఫాదర్స్ ఫోన్’, ‘ద రూఫ్ ఆఫ్ ద హౌస్’. ఏకవచనానికి అపాస్ట్రఫీ తర్వాత ఎస్ వస్తుంది. ఎస్‌తో ముగిసే బహువచనానికి ఆ ఎస్ తర్వాత అపాస్ట్రఫీ మాత్రమే చేరుతుంది. ‘చిల్డ్రన్’ వంటి వేరు రకం బహువచనాలకు ఏకవచన పద్ధతే వర్తిస్తుంది. ‘మై’, ‘యువర్’, ‘హర్’ తర్వాత నామవాచకం తప్పక ఉండాలి; అది లేనప్పుడు ‘మైన్’, ‘యువర్స్’, ‘హర్స్’ అనాలి. ‘ఈ పుస్తకం నాది’ అంటే ‘దిస్ బుక్ ఈజ్ మైన్.’

‘యు’, ‘షి’, ‘ఇట్’, ‘దే’ వంటి సర్వనామాల స్వామ్యరూపాల్లో అపాస్ట్రఫీ ఉండదు. ‘దాని’ అనే అర్థంలో ఐ, టి, ఎస్ అనే మూడక్షరాలను కలిపి రాయాలి; వాటి మధ్య అపాస్ట్రఫీ వస్తే అది ‘ఇట్ ఈజ్’ లేదా ‘ఇట్ హ్యాజ్’ అనే దానికి కుదింపు అవుతుంది. అనుమానం వచ్చినప్పుడు ఆ చోట ‘ఇట్ ఈజ్’ అని విడదీసి చదవండి, తర్వాత ‘ఇట్ హ్యాజ్’ అని చదవండి. రెంటిలో ఏదీ కుదరకపోతే అపాస్ట్రఫీని తీసివేయండి.