ఇటాలిక్ సెరిఫ్‌తో బ్రాండింగ్ చేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

బెంగళూరులో కొత్తగా తెరిచిన ఏ బొటిక్ బోర్డు చూసినా, కాఫీ షాపు మెనూ చూసినా సన్నటి, కాస్త వాలిన (అంటే ఇటాలిక్) సెరిఫ్ అక్షరాలే, గీతల కొసల్లో చిన్న అంచులుండే ఇంగ్లిష్ అక్షరాలన్నమాట. క్లయింట్లు కూడా ఫోన్‌లో స్క్రీన్‌షాట్ చూపించి "ఇలాంటిదే కావాలి" అంటున్నారు. చేయడం పెద్ద కష్టమేమీ కాదు గానీ, ఫాంట్ దించుకుని పేరు టైప్ చేసి పంపేస్తే మాత్రం అది సుల్తాన్‌పేటలో అచ్చేయించిన పెళ్లి కార్డులా తయారవుతుంది.

మొదట అది అసలైన ఇటాలిక్కేనా చూడండి. ఇంగ్లిష్ చిన్న 'ఎ' (a) అక్షరం టైప్ చేస్తే తెలిసిపోతుంది: నిటారు సెరిఫ్‌లో దానికి పైన ఒక కొక్కెం, కింద ఒక బొడ్డు ఉంటాయి, అసలు ఇటాలిక్‌లో ఎక్కువగా ఆ కొక్కెం పోయి చేత్తో రాసినట్టు ఒకే గుండ్రం మిగులుతుంది. చిన్న 'ఎఫ్' (f) కూడా చాలా ఫాంట్లలో గీత కిందికి దిగి తోక చాపుతుంది. అవేవీ మారకుండా నిటారు అక్షరాలే పక్కకు ఒరిగాయంటే, ఆ ఫాంట్‌కి ఇటాలిక్ ఫైలే లేదని, సాఫ్ట్‌వేర్ తనే వంచేసిందని అర్థం. వెబ్‌సైట్‌లో బ్రౌజర్ కూడా ఇదే పని చేస్తుంది, దీన్నే ఫాంట్ సింథసిస్ అంటారు, డెవలపర్‌కి చెప్పి ఆపించండి.

ఈ అక్షరాలు పుట్టిందే చేతిరాత నుంచి. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ప్రచురణకర్త కోసం అచ్చు అక్షరాలు చెక్కే ఫ్రాన్సెస్కో గ్రిఫో తయారుచేసిన ఇటాలిక్‌తో 1501లో లాటిన్ కవి వర్జిల్ కావ్యాలు అచ్చయ్యాయి. అందులో చిన్న అక్షరాలు మాత్రమే వాలి ఉంటాయి, క్యాపిటల్స్ నిటారుగానే నిలబడతాయి. లోగోలో ఇప్పటికీ ఈ పద్ధతి ఒకసారి వేసి చూడండి, మొదటి అక్షరం నిటారుగా, మిగతావి ఇటాలిక్‌లో. కొన్ని పేర్లకు భలే కుదురుతుంది.

ఫాంట్ ఎంపికకి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవాటితోనే చాలా దూరం వెళ్లొచ్చు. పెద్ద హెడ్‌లైన్‌కి ప్లేఫేర్ డిస్‌ప్లే, కోర్మొరాంట్ గారమాండ్. రెండోదాని సన్నగీతలు పెద్ద సైజులో భలే అందంగా ఉంటాయి, పది పాయింట్లకి దించితే కనపడకుండా పోతాయి. పేజీ లోపల చదివించాలంటే ఈబీ గారమాండ్ నా ఓటు, దాని ఆధారం 1592 నాటి ఎగెనాల్ఫ్-బెర్నర్ నమూనా పత్రం, ఆ పత్రంలోని ఇటాలిక్‌లు అక్షరాలు చెక్కిన రాబర్ట్ గ్రాంజాన్‌వి. ఇన్‌స్ట్రుమెంట్ సెరిఫ్ ఇప్పటి ఫ్యాషన్, కానీ ఒకే బరువులో (గీతల మందంలో) వస్తుంది. క్లయింట్ "కొంచెం బోల్డ్ చేయండి" అన్నాడని అక్షరాల చుట్టూ స్ట్రోక్ (గీత) తగిలిస్తే అందమంతా పోతుంది, అప్పుడు వేరే ఫాంట్ వెతకడమే మేలు.

ఏదైనా సరే, ఆ షాపు పేరుతోనే పరీక్షించండి, ఫాంట్ వాళ్లు చూపించే నమూనా మాటలతో కాదు. లక్ష్మి అని ఇంగ్లిష్‌లో రాస్తే కె, ఎస్, హెచ్ వరసగా వచ్చి పడతాయి, అక్కడ సందులు సమంగా ఉన్నాయా చూడాలి. "అండ్ సన్స్" అని ఉన్న చీరల షాపు తగిలిందా, పండగే, ఇటాలిక్‌లో ఆ 'అండ్' గుర్తు (&) చాలా ఫాంట్లలో అన్నిటికన్నా అందమైన అక్షరం, దాన్ని పెద్దది చేసి వాడుకోండి. మెనూ అయితే రూపాయి గుర్తు ఉందో లేదో చూడండి, అది 2010లో వచ్చింది కాబట్టి పాత ఫాంట్లలో ఉండకపోవచ్చు.

చిన్న అక్షరాల మధ్య ఖాళీ పెంచకండి, ఇటాలిక్ కలివిడిగా సాగాలి. 'ఎఫ్' తల పక్కనున్న బ్రాకెట్‌కో కొటేషన్ గుర్తుకో తగులుతుంటే చేత్తో జరపండి. మధ్యలో పెట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్ కొలతని గుడ్డిగా నమ్మకండి, వాలు వల్ల మాట కాస్త పక్కకి జరిగినట్టు కనిపించొచ్చు, కంటికి సరిపోయేదాకా కదపండి. మ్యాగజైన్ పేజీలో హెడ్‌లైన్‌లో ఒక్క మాటకో, మధ్యలో పెద్దగా వేసే కొటేషన్‌కో చాలు. పేరా మొత్తం ఇటాలిక్‌లో పెడితే ఎవరూ చదవరు.

ప్రింట్‌కి పంపేముందు సన్నగీతలన్నీ ఒక్క నలుపు ఇంక్‌లోనే ఉన్నాయో లేదో చూడండి, నాలుగు రంగులు కలిపిన నలుపైతే ప్లేట్లు వెంట్రుకవాసి కదిలినా అంచులు మసకబారతాయి. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలైతే చుట్టూ ఉన్న ఇంక్ పాకి సన్నగీతల్ని మింగేస్తుంది, ఒక బరువు పెంచండి. అక్రిలిక్ బోర్డు కట్ చేసేవాళ్లని ఎంత సన్నం దాకా విరగకుండా కోయగలరో ముందే అడగండి.

ఇక బోర్డు విషయం. కర్ణాటకలో 2024 చట్ట సవరణ ప్రకారం నేమ్‌బోర్డులో 60 శాతం కన్నడ ఉండాలి, అదీ పై సగంలో. కాబట్టి ఇంగ్లిష్ లోగో ముగించి, చివర్లో కన్నడని ఓ మూల ఇరికిద్దామంటే కుదరదు, కన్నడతోనే మొదలుపెట్టండి. ఇంగ్లిష్ వాలింది కదా అని కన్నడనీ తెలుగునీ కూడా వంచేవాళ్లున్నారు, దయచేసి వద్దు. మన అక్షరాలు గుండ్రం, పైన తలకట్టు, కింద వొత్తు, వంచితే అన్నీ ఒకదానికింద ఒకటి జారిపోతున్నట్టుంటాయి. నిటారుగానే ఉంచి, పుస్తకాల తరహాలో ఉండే టైరో తెలుగు, టైరో కన్నడ లాంటివి పక్కన పెట్టి చూడండి.

లైసెన్సు గొడవ కూడా తేల్చుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో పైన చెప్పినవి ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉన్నాయి, కమర్షియల్ లోగోకి వాడుకోవచ్చు, ఫాంట్‌ని విడిగా అమ్మడమే కూడదు. కొన్న ఫాంట్ అయితే డెస్క్‌టాప్‌కి, వెబ్‌కి చాలా కంపెనీలు వేర్వేరుగా డబ్బు తీసుకుంటాయి, ఆ ఖర్చు క్లయింట్‌కిచ్చే ధరల కొటేషన్‌లోనే వేసేయండి. ప్రింటర్‌కి ఔట్‌లైన్ చేసిన (అక్షరాల్ని బొమ్మలుగా మార్చిన) ఫైలు ఇచ్చి, అక్షరాలు మార్చుకోగలిగే ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకోండి.