పదం చివర ప్రత్యయం చేర్చి ఇంగ్లీషు విశేషణం చేయడం ఎలా?

ప్రత్యయాల పట్టిక ఎంత బట్టీ పట్టినా తప్పులు పోవు. ముందుగా చూడాల్సింది, మన దగ్గరున్న పదం నామవాచకమా, క్రియా అన్నది.

క్రియ అయితే దాని అర్థానికి తెలుగులో 'దగ్గ' చేర్చి చూడండి. చదవదగ్గది రీడబుల్, ఉతకదగ్గది వాషబుల్. అర్థం కుదిరితే సాధారణంగా 'ఏబుల్' సరిపోతుంది.

నామవాచకమైతే, 'నిండిన' అనే అర్థానికి 'ఫుల్', 'లేని' అనే అర్థానికి 'లెస్': హోప్‌ఫుల్, హోప్‌లెస్. అన్నిటికీ ఇలా జంట దొరకదు. హోమ్‌లెస్ ఉంది, హోమ్‌ఫుల్ లేదు. ప్రైస్‌లెస్ అంటే విలువ లేనిది కాదు, వెలకట్టలేనిది. డేంజరస్, నేషనల్ లాంటివి పదంతోపాటే నేర్చుకోవాలి. వీటికి నిఘంటువే దిక్కు.

ఎక్కువ తప్పులు దొర్లేది స్పెల్లింగులో, అదీ అతుకు దగ్గర. 'ఫుల్' విడిగా ఉంటే రెండు 'ఎల్'లు, పదం చివర చేరితే ఒక్కటే. బ్యూటీలో 'వై'కి ముందు హల్లు ఉంది కాబట్టి, బ్యూటిఫుల్‌లో అది 'ఐ' అవుతుంది. జాయ్‌లో ముందున్నది అచ్చు, అందుకే జాయ్‌ఫుల్‌లో 'వై' కదలదు. సన్‌లో ఒక్క అచ్చు, దాని వెనక ఒక్క హల్లు. సన్నీ రాసేటప్పుడు 'ఎన్' రెండవుతుంది. రెయిన్‌లో రెండు అచ్చులున్నాయి, రెయినీకి ఒక్క 'ఎన్' చాలు.

పదం చివర పలకని 'ఈ' ఉంటే, అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం ముందు మామూలుగా పోతుంది: ఫేమ్ నుంచి ఫేమస్. కేర్‌లెస్‌లో ప్రత్యయం హల్లుతో మొదలవుతుంది కనుక ఉండిపోతుంది. మరి నోటీసబుల్‌లో ఎందుకు పోదు? 'సి' పక్కన 'ఏ' వస్తే 'క' అని పలుకుతుంది. ఆ 'ఈ' తీసేస్తే మాట నోటీకబుల్ అయిపోతుంది. కరేజస్‌లో 'జి' తర్వాత 'ఈ' ఉంచేదీ ఇందుకే, లేకపోతే 'జ' కాస్తా 'గ' అవుతుంది. నియమం కన్నా ఈ కారణం గుర్తుపెట్టుకోండి, ఎప్పటికీ మరిచిపోరు.

'లీ' కనబడగానే క్రియావిశేషణం అనుకోవద్దు. విశేషణానికి చేరితే చాలావరకు అదే: స్లో, స్లోలీ. కానీ నామవాచకమైన ఫ్రెండ్‌కు చేరిన ఫ్రెండ్లీ విశేషణం. అందుకే 'షి స్పోక్ ఫ్రెండ్లీ' తప్పు, 'ఇన్ ఎ ఫ్రెండ్లీ వే' అనాలి.

క్రియకు 'ఇంగ్', 'ఎడ్' చేర్చినా విశేషణాలే వస్తాయి, ఇక్కడ అర్థమే తిరగబడుతుంది. విసుగు పుట్టించేది బోరింగ్, విసుగు పుట్టినవారు బోర్డ్. క్లాసు నచ్చక 'ఐ యామ్ బోరింగ్' అంటే, వినేవాళ్లకు విసుగు తెప్పించే మనిషిని నేనే అని చెప్పినట్టు.