ఫుట్ డ్రాప్: పెరోనియల్ నరం దెబ్బను నిర్ధారించి సరైన కోడ్ వేయడం ఎలా?

కాలిలో ఒకే ఒక్క నరం దెబ్బతినే జబ్బులలో తరచుగా ఎదురయ్యేది కామన్ పెరోనియల్ నరానికి కలిగే ఒత్తిడి. మోకాలి వెలుపలి వైపు ఫిబులా ఎముక మెడను చుట్టి వెళ్ళే చోట ఈ నరం చర్మానికి చాలా దగ్గరగా ఉంటుంది కనుక, గంటల తరబడి గొంతుక్కూర్చుని పని చేసినా, కాలు మీద కాలు వేసుకునే అలవాటున్నా, సిమెంటు కట్టు బిగుతైనా, తక్కువ కాలంలో బాగా బరువు తగ్గినా అది నలుగుతుంది. అప్పుడు పాదం పైకి లేవక వాలిపోతుంది, దీన్నే ఫుట్ డ్రాప్ అంటారు.

పాదం పైకి లేవడం లేదని రోగి చెప్పగానే నడుము ఎమ్మారై రాసేయడం సరికాదు. నడుములోని ఎల్5 నరపు వేరు నొక్కుకుపోయినా పాదం ఇలాగే వాలిపోతుంది. రెండింటినీ విడదీసే పరీక్ష మంచం దగ్గరే ఉంది. పాదాన్ని చేత్తో కాలికి లంబంగా నిలిపి పట్టుకుని, లోపలికి తిప్పమనాలి. తర్వాత పక్కకు తిరిగి పడుకుని తొడను పైకెత్తమనాలి. పాదాన్ని ఎత్తడం, బయటికి తిప్పడం మాత్రమే బలహీనపడి, పైన పరీక్షించిన రెండు కదలికలూ బలంగా ఉంటే లోపం పెరోనియల్ నరంలోనే ఉండే అవకాశం ఎక్కువ. ఇవి కూడా తగ్గితే ఎల్5ను అనుమానించాలి. నరాల వాహక పరీక్షలో ఫిబులా మెడ దగ్గర సంకేతం ఆగిపోవడమో మందగించడమో కనిపిస్తే స్థానం ఖాయమవుతుంది, అయితే కండరంలో ఈఎంజీ (కండరాల విద్యుత్ పరీక్ష) మార్పులు తేలడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మన ప్రాంతంలో ఫిబులా మెడ దగ్గర నరం లావెక్కిందేమో వేళ్ళతో తడిమి, స్పర్శ లేని మచ్చలు ఉన్నాయేమో చూడటం మరువకూడదు, ఎందుకంటే కుష్ఠు ఈ నరాన్ని తరచుగా దెబ్బ తీస్తుంది.

ఇక కోడింగ్. అమెరికా చార్టులకు (రోగి వైద్య రికార్డులకు) వాడే జబ్బుల కోడ్‌ల జాబితా ఐసీడీ-10-సీఎంలో ఈ నరానిది జీ57.3 వరుస: కుడి కాలికి జీ57.31, ఎడమకు జీ57.32, రెండింటికీ జీ57.33. ఏ కాలో రాయకపోతే మిగిలేది జీ57.30 ఒక్కటే, అందుకే దాన్ని వేసే ముందు చార్టంతా మళ్ళీ చదవడం, దొరకకపోతే డాక్టరుకు క్వెరీ (స్పష్టత కోరే ప్రశ్న) పంపడం మంచిది. ఔట్‌పేషెంట్ చార్టులో "పెరోనియల్ పాల్సీ (ఈ నరం చచ్చుబడటం) కావచ్చు" అని మాత్రమే ఉంటే ఆ జబ్బు కోడ్ వేయకూడదు. కుడి ఫుట్ డ్రాప్‌కు ఎం21.371, ఎడమకు ఎం21.372 అని లక్షణాన్నే కోడ్ చేయాలి. ఎల్5 అని డాక్టరు తేల్చిన కేసు జీ57లోకి రానే రాదు, అది రాడిక్యులోపతీ (నరపు వేరు జబ్బు) కోడ్‌లలోకి వెళుతుంది. ప్రమాదంలో నరం తాజాగా తెగినా నలిగినా జీ57 వర్తించదు. కింది కాలి స్థాయిలో పెరోనియల్ నరం గాయానికి ఎస్84.1 వరుస తీసుకుని, చికిత్స ఏ దశలో ఉందో తెలిపే ఏడో అక్షరం చేర్చాలి.