పనిలో చేతివేలు పోయినవాళ్లు సదరం స్లాట్ కోసం పరిగెత్తకండి, ముందు యాక్సిడెంట్ రిపోర్ట్ చూసుకోండి

జీడిమెట్లలో పవర్ ప్రెస్ మీద పనిచేసే మా వీధి కుర్రాడికి కుడిచేతి చూపుడువేలు మొదలంటా పోయింది. గాయం మానగానే మీసేవకి వెళ్లి సదరం (ప్రభుత్వం ఇచ్చే వైకల్య సర్టిఫికెట్) స్లాట్ బుక్ చేసుకున్నాడు, పర్సెంటేజీ పెంచిస్తానన్న ఒకాయనకి ఐదు వేలు ఇచ్చాడు, నెలలు తిరిగి ఆ సర్టిఫికెట్ తీసుకుని ఈఎస్ఐ (కార్మికుల బీమా సంస్థ) బ్రాంచ్ ఆఫీసుకి వెళ్తే "ఇది కాదు బాబూ, యాక్సిడెంట్ రిపోర్ట్ ఏది?" అన్నారట. కంపెనీ అసలు ఆ రిపోర్టే పంపలేదు.

సదరం సర్టిఫికెట్ ప్రభుత్వ పింఛనుకి, బస్ పాస్‌కి పనికొస్తుంది. ఈఎస్ఐ ఇచ్చే శాశ్వత వైకల్య భృతి వేరు. అందులో చూసేది మీ సంపాదించే శక్తి ఎంత తగ్గిందని, అది తేల్చేది ఈఎస్ఐ మెడికల్ బోర్డు.

జీతం నెలకి 21,000 లోపు ఉండి ఈఎస్ఐ వర్తించే చోట పనిచేస్తుంటే చాలు. ఇన్నాళ్లు చందా కట్టి ఉండాలన్న షరతు దీనికి లేదు, చేరిన రోజే ప్రమాదం జరిగినా వస్తుంది. ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలోనో, తిరిగొచ్చే దారిలోనో జరిగినా, అది ఉద్యోగం కోసం చేసిన ప్రయాణమేనని రుజువైతే చాలు. ఈఎస్ఐ వర్తించని చోట పనిచేసేవాళ్లు లేబర్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లాలి, ఆ దారి వేరు.

ఇక అసలు చిక్కు. ప్రమాదం జరిగిన ఒకటి రెండు రోజుల్లోనే కంపెనీ ఆన్‌లైన్‌లో యాక్సిడెంట్ రిపోర్ట్ పెట్టాలి, అదే ఫారం 12. తేదీ, టైము, ఏ మెషీన్, చూసినవాళ్లు ఎవరు, అన్నీ అందులో ఉంటాయి. చాలా కంపెనీలు ఇన్‌స్పెక్షన్ వస్తుందన్న భయంతో దీన్ని నాన్చుతాయి. అంతకన్నా ప్రమాదం, క్యాజువాలిటీలో మీరు స్పృహలో లేనప్పుడో నొప్పితో మెలికలు తిరుగుతున్నప్పుడో పక్కనున్న సూపర్‌వైజర్ "ఇంట్లో గ్రైండర్‌లో పడింది సార్" అని రాయించడం. ఆ మొదటి ఓపీ చీటీలో ఏముందో ఇంట్లోవాళ్లు ఆ రోజే చదవండి. తప్పుంటే అప్పుడే డాక్టర్‌కి చెప్పి సరిచేయించుకోండి, డిశ్చార్జ్ అయ్యాక ఎవరూ వినరు.

కంపెనీ రిపోర్ట్ పెట్టకపోతే ఆగిపోనక్కర్లేదు. ఏం జరిగిందో తెల్లకాగితం మీద మీరే రాసి కంపెనీకి ఒకటి, ఈఎస్ఐ బ్రాంచ్ మేనేజర్‌కి ఒకటి ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఈఎస్ఐ వాళ్లు విచారణ చేస్తారు. అప్పుడు ఆదుకునేవి జీతం పడ్డ బ్యాంకు ఎంట్రీలు, గేట్ పాస్, మస్టర్ (హాజరు పట్టీ) ఫోటో, పక్క మెషీన్ మీద ఉన్న మనిషి మాట. కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లు, ప్రమాదం తర్వాతే ఐపీ నంబర్ (ఈఎస్ఐలో కార్మికుడి నమోదు నంబర్) తీసినవాళ్లు ఇవి మరీ జాగ్రత్తగా దాచుకోవాలి. యజమాని చందా కట్టకపోవడం మీ తప్పు కాదు, దాన్ని వసూలు చేసుకునే పని ఈఎస్ఐది. ఈలోగా కంపెనీవాళ్లు పాతిక వేలో యాభై వేలో చేతిలో పెట్టి ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే పెట్టకండి.

మిగతాదంతా తేలికే. చికిత్స నడిచినన్నాళ్లు తాత్కాలిక భృతి వస్తుంది. డాక్టర్ ఫైనల్ సర్టిఫికెట్ ఇచ్చాక మెడికల్ బోర్డుకి పంపమని బ్రాంచ్ ఆఫీసులో అడగండి. బోర్డుకి వెళ్లేటప్పుడు ఎక్స్‌రే తప్పనిసరిగా తీసుకెళ్లండి. ఎందుకంటే ఎముక ఎంతవరకు పోయిందన్నదాన్ని బట్టే శాతం మారుతుంది: చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం, రెండు కణుపులు పోతే 11, ఒక కణుపు పోతే 9, ఎముక పోకుండా కొస మాత్రమే తెగితే 5. బొటనవేలికి 30, ఒక కన్నుకి 40. ఇవి చట్టం షెడ్యూల్‌లో ఉన్న అంకెలు, ఏ బ్రోకరూ పెంచలేడు.

లెక్క ఇలా ఉంటుంది: జీతం రోజుకి 500 అనుకుంటే అందులో 90 శాతం 450, దాంట్లో 14 శాతం 63 రూపాయలు. నెలకి దాదాపు 1,890. చిన్న మొత్తంలా కనిపిస్తుంది గానీ బతికున్నన్నాళ్లు వస్తుంది, మళ్లీ ఉద్యోగంలో చేరినా ఆగదు. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మర్చిపోతే మాత్రం ఆగుతుంది.

బోర్డు శాతం తక్కువ వేసిందనిపిస్తే మూడు నెలల్లోపు మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌కి గానీ నేరుగా ఈఎస్ఐ కోర్టుకి గానీ వెళ్లొచ్చు, కాబట్టి బోర్డు నిర్ణయం కాగితం మీకు ఏ రోజు అందిందో దాని మీదే రాసి పెట్టుకోండి. బ్రాంచ్ ఆఫీసులో ఎక్కడా ఫీజు లేదు. అనుమానముంటే ఈఎస్ఐ టోల్‌ఫ్రీ 1800-11-2526కి ఫోన్ చేయండి. మా కుర్రాడి కాగితాలు ఇప్పుడు విచారణలో ఉన్నాయి, పక్క మెషీన్ మీద పనిచేసే ఒడిశా అబ్బాయి వచ్చి సాక్ష్యం చెప్పి వెళ్లాడు.